ఓడ మీద దాడి జరిగితే ఏ దేశం మాట్లాడాలి?

"ఇన్ని దేశాలు, ఇన్ని ఒప్పందాలు, పైన ఐక్యరాజ్యసమితి ఉన్నా ఏ గొడవా తెగడం లేదెందుకు? విదేశాంగ విధానానికి ఇప్పుడున్న పెద్ద సవాలు ఏది?" అని అడిగారు. యుద్ధాలు, సుంకాలు, అణ్వాయుధాల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు రాస్తారు. నేను మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసర్‌ని, అందుకే సముద్రం వైపు నుంచి చెబుతాను. నియమాలకు కొదవేమీ లేదండీ. ఎవరైనా వాటిని తప్పితే అడగాల్సింది ఎవరు అనేదే తేలదు. నాకు కనిపిస్తున్న పెద్ద సవాలు ఇదే.

ఒక మామూలు సరుకు ఓడను తీసుకోండి. యజమాని ఒక దేశంలో ఉంటాడు, జెండా, అంటే ఓడ రిజిస్టరైన దేశం, ఇంకోటి, నడిపే కంపెనీ మరో చోట, సరుకు మరెవరిదో, పనిచేసేవాళ్లం నాలుగైదు దేశాల వాళ్లం. లైబీరియా, పనామా, మార్షల్ దీవుల జెండాలతో ఎన్ని ఓడలు తిరుగుతున్నాయో చూస్తే, వాటిలో చాలావాటికి ఆ దేశాలతో ఉన్న సంబంధం రిజిస్ట్రేషన్ ఫీజు కట్టడం వరకే అని తెలుస్తుంది. 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం 91వ అధికరణం ఓడకూ జెండా దేశానికీ నిజమైన సంబంధం ఉండాలని చెబుతుంది, కానీ ఎలా ఉంటే నిజమైనదో మాత్రం వివరించలేదు. తీరానికి దూరంగా, ఏ దేశానికీ చెందని జలాల్లో ఓడ మీద అధికారం ఆ జెండా దేశానిదే. రక్షించే నౌకాదళం ఆ దేశానికి ఉందా లేదా అనేది ఎవరూ అడగరు.

ఇది కాగితాల గొడవ అనిపిస్తే 2023 నవంబరు 19న జరిగింది చూడండి. గాజా యుద్ధం జరుగుతున్నప్పుడు యెమెన్‌లోని సాయుధ తిరుగుబాటుదారులు హౌతీలు హెలికాప్టర్‌లో వచ్చి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. దాని జెండా బహామాస్‌ది, నడిపేది జపాన్ కంపెనీ, యాజమాన్యంలో ఇజ్రాయెల్ వ్యాపారికి సంబంధం ఉంది, లోపలున్న 25 మంది బల్గేరియా, ఫిలిప్పీన్స్, మెక్సికో, రుమేనియా, ఉక్రెయిన్ వాళ్లు. ఎవరి గొడవలోనైతే వాళ్లు ఇరుక్కున్నారో అందులో వాళ్ల దేశాలు లేనే లేవు. వాళ్లు బయటపడింది 2025 జనవరిలో, గాజా కాల్పుల విరమణ తర్వాత. అంటే పద్నాలుగు నెలలు!

హౌతీలు ఇలా ఓడల మీద దాడులు చేస్తున్న కాలంలో ఎర్ర సముద్రం దక్షిణ భాగం మీదుగా నేనూ వెళ్లాను. ఆ సముద్రం దక్షిణ ముఖద్వారమైన బాబ్ అల్ మాందెబ్ జలసంధి దగ్గరకు రాకముందే ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. ఆ ప్రాంతంలోకి రావడానికి ఒప్పుకుంటే సంతకం పెట్టాలి, ఇష్టం లేకపోతే దిగిపోవచ్చు, ఒప్పుకుంటే అక్కడున్న రోజులకు అదనపు డబ్బు. కాగితం న్యాయంగానే ఉంది. కానీ ఇంటి మీద అప్పున్న కుర్రాడు దిగిపోతానని ఎలా అంటాడు? ప్రభుత్వాలు తేల్చుకోవాల్సిన ప్రమాదాన్ని ఒక్కొక్క మనిషి తన సంతకంతో నెత్తిన వేసుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఓడను నడిపే గదిలో, మేము బ్రిడ్జి అంటాం, స్క్రీన్‌లో చుట్టుపక్కల ఓడల వివరాలు కనిపిస్తుంటాయి. ప్రతి ఓడా తన గమ్యాన్ని ఇరవై అక్షరాల్లో రాసే గడి ఒకటి ఉంటుంది, మామూలుగా అందులో రేవు పేరుంటుంది. అప్పట్లో అందులో "ఆల్ చైనీస్ క్రూ" అనీ, "నో లింక్ ఇజ్రాయెల్" అనీ రాసుకుని వెళ్లేవాళ్లు. తమ ప్రభుత్వం మాట్లాడదని తెలిసి ఓడలే సొంతంగా విదేశాంగ విధానం ప్రకటించుకోవాల్సి వచ్చిందన్నమాట. తూర్పు మధ్యధరా సముద్రంలో ఇంకో బాధ, ఎవరో దొంగ సిగ్నళ్లు పంపితే మా జీపీఎస్ మేము లెబనాన్‌లోని బేరూత్ విమానాశ్రయంలో ఉన్నామని చూపించేది. రాడార్‌లో కొండ కొమ్ముల దూరాలు కొలిచి, పెన్సిల్‌తో చార్టు మీద గుర్తు పెట్టుకుంటూ పోయాం. అన్ని ఓడల్లోనూ ఒకేసారి ఇలా జరిగితే ఎంత టెన్షనో ఊహించుకోండి.

మరి ఐక్యరాజ్యసమితి ఏం చేసింది అంటారా? 2024 జనవరి 10న భద్రతామండలి 2722వ తీర్మానం చేసింది, దాడులు ఆపాలని. 11 దేశాలు ఓటేశాయి, రష్యా, చైనా, అల్జీరియా, మొజాంబిక్ తటస్థంగా ఉన్నాయి, వీటో ఎవరూ వాడలేదు. అయినా దాడులు ఆగలేదు. అమెరికా ఒక నౌకాదళ కూటమి పెట్టింది, యూరప్ తనది వేరేగా పెట్టుకుంది. 2025 మే నెలలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా, హౌతీలు ఒకరిపై ఒకరు దాడి చేసుకోకూడదని అనుకున్నారు. వినడానికి మంచి వార్తే, కానీ మిగతా దేశాల ఓడలకు అందులో భరోసా ఏదీ? జూలైలోనే మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు ఓడలు హౌతీల దాడుల్లో మునిగిపోయాయి, రెండూ లైబీరియా జెండావి, గ్రీకు కంపెనీలవి. మొదటిదాంట్లో అందరినీ అటుగా వెళ్తున్న మరో సరుకు ఓడ కాపాడింది. రెండోదాంట్లో ప్రాణాలు పోయాయి, కొందరిని హౌతీలు పట్టుకుపోయారు. బలమున్న దేశం తన వరకు ఒప్పందం చేసుకుని తప్పుకుంటే మిగతావాళ్లు ఇంకా బలహీనపడతారు, ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తోంది.

నష్టం కూడా తప్పు చేసినవాళ్ల దగ్గర ఆగదు. ఓడలు ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ దారి వదిలి ఆఫ్రికా కింద నుంచి చుట్టూ తిరిగి వెళ్తే ఆసియా, యూరప్ మధ్య ప్రయాణం పది రోజులకు పైనే పెరుగుతుంది. సూయజ్ కాలువ మీద ఈజిప్టు ఆదాయం 2023లో 1000 కోట్ల డాలర్లు దాటింది, 2024లో అది 400 కోట్లకు పడిపోయింది. దాడి చేసింది ఈజిప్టు కాదు, ఆపగలిగిందీ ఈజిప్టు కాదు.

అలాగని ఏదీ పనిచేయదని నేను అనను. 2022 జూలైలో యుద్ధంతో ఆగిపోయిన ఉక్రెయిన్ ధాన్యం ఓడల్లో బయటికి రావడానికి టర్కీ, ఐక్యరాజ్యసమితి కలిసి నల్ల సముద్రం ధాన్యం ఒప్పందం కుదిర్చాయి. రష్యా, ఉక్రెయిన్ ఒకే కాగితం మీద సంతకం చేయడానికి కూడా ఒప్పుకోలేదు, విడివిడిగా చేశాయి. అయినా ఓడలు కదిలాయి. ఎందుకంటే ఇస్తాంబుల్‌లో నాలుగు పక్షాల మనుషులూ కలిసి కూర్చుని ఒక్కో ఓడనూ తనిఖీ చేసే ఏర్పాటు ఉంది, ఏ దారిన వెళ్లాలో ముందే రాసుకున్నారు. రష్యా 2023 జూలైలో తప్పుకునేలోపు దాదాపు 3.3 కోట్ల టన్నుల ధాన్యం బయటికి వచ్చింది. శాంతి గురించి పెద్ద మాటలేమీ లేని ఒప్పందం అది, నాకు అదే నచ్చింది.

ముందు ఏది సరిచేయాలి అంటే జెండాల సంగతే అంటాను. ఉక్రెయిన్ యుద్ధం వల్ల పశ్చిమ దేశాలు 2022 డిసెంబరులో రష్యా చమురు ధరకు బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి పెట్టాక, దాన్ని తప్పించుకోవడానికి పాత ట్యాంకర్లు జెండాలు మార్చుకుంటూ, కొన్నైతే దొంగ జెండాలు పెట్టుకుని, సరైన బీమా లేకుండా తిరుగుతున్నాయి. రేపు ఒకటి పగిలి చమురు తీరానికి కొట్టుకొస్తే ఆ ఖర్చు ఎవరిని అడుగుతారు? ఫీజులు వస్తున్నంతకాలం జెండాలమ్మే దేశాలు తమంతట తాము మారవు. ఓడ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రేవుకు రావాల్సిందే కదా, అక్కడ ఎక్కి కాగితాలు, బీమా, సిబ్బంది జీతాలు చూసి ఓడను ఆపే అధికారం రేవున్న దేశాలకు ఇప్పటికే ఉంది. కొత్త ఒప్పందం అక్కర్లేదు, ఆ తనిఖీలకు మనుషులను పెంచి, తమకు కావాల్సిన సరుకు తెచ్చే ఓడనైనా వదలకుండా చూస్తే సగం దొంగ జెండాలు దిగిపోతాయి.