చెప్పకుండానే తెలియాలా?

ప్రశ్న: నిశ్చితార్థమై నాలుగు నెలలైంది. ఆయన రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ‘ఏటి, తిన్నావా?’ అంటారు. పది నిమిషాలు ఇంటి సంగతులు మాట్లాడి పెట్టేస్తారు. నా పుట్టినరోజుకి అర్ధరాత్రి కేకుతో వస్తారేమోనని మెలకువగా కూర్చున్నాను. పొద్దున ఏడింటికి ఫోన్ చేశారు! ఆయనకు నా మీద ప్రేమ లేదా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: కేకు సంగతి ఆయనకు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. సినిమాల్లో హీరోయిన్ మనసులో ఉన్నది హీరోకి చెప్పకుండానే తెలిసిపోతుందంటే, ఇద్దరి డైలాగులూ రాసేది ఒక్కరే కాబట్టి. పైగా రెండున్నర గంటల్లో పరిచయం, అలక, రాజీ అన్నీ ముగించాలి గనక మామూలు రోజులన్నీ కత్తెరకి పోతాయి. ‘తిన్నావా’ అలా పోయే మాటే. 1995–2005 మధ్య వచ్చిన 40 హాలీవుడ్ రొమాంటిక్ కామెడీలను పరిశీలించినవాళ్లు ఒకటి గమనించారు: కొత్త పరిచయంలోని హుషారు, ఏళ్ల తరబడి కలిసి ఉంటే వచ్చే దగ్గరితనం రెండూ ఒకేసారి ఉన్నట్టు చూపిస్తారట. మీరూ నాలుగు నెలలకే రెండూ కావాలంటున్నారు.

ఈ వారం ఒక్కటే అడగండి, రోజు, టైము చెప్పి: ‘ఆదివారం సాయంత్రం ఓ గంట మన గురించే మాట్లాడుకుందాం.’ ‘మీరు నన్ను పట్టించుకోరు’ అంటే ఆయన ఏం చెయ్యాలో అందులో ఉండదు, సంజాయిషీ ఒక్కటే వస్తుంది. నాలుగైదు కోరికలు ఒకేసారి చెప్పినా పరీక్ష పెట్టినట్టుంటుంది. అడిగించుకుని చేస్తే విలువేముందని మొదట్లో అనిపిస్తుంది. రెండుసార్లు అడిగాక మూడోసారి తనంతట తను చేస్తారేమో చూడండి. రెండు నెలలు స్పష్టంగా అడిగినా దాటవేస్తుంటే మాత్రం మీ అనుమానం ఉత్తిది కాదు, పెళ్లికి ముందే ఇంట్లో చెప్పండి.

సినిమాలు మానక్కర్లేదు. అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీ 174 కొత్త జంటలతో చేసిన అధ్యయనంలో, కొందరు నెల రోజులపాటు వారానికో సినిమా చూసి, అందులోని జంట ఎలా గొడవపడిందో, తమ సంగతేమిటో మాట్లాడుకున్నారు. మూడేళ్లలో వాళ్లలో విడిపోయినవాళ్లు 11 శాతం, ఏమీ చెయ్యని జంటల్లో 24. మీరిద్దరూ ఎవరింట్లో వాళ్లు ఒకే సినిమా చూసి, ఆ తొమ్మిదింటి ఫోన్లో మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: ఒకమ్మాయి రెండుసార్లు వద్దంది. వెంటపడితే ఒప్పుకుంటుందని స్నేహితులంటున్నారు.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండోసారి అడగడమే ఎక్కువ. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక పదేపదే వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు. ఆన్‌లైన్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెడుతూ ఉండటమూ అందులోకే వస్తుంది. మీ ఊరి గంటస్తంభం దగ్గరో మరోచోటో ఆమె కోసం కాపు కాస్తుంటే మానండి, ఆమె నంబరు తీసెయ్యండి.