క్లాసు అయ్యాక వెనకే ఆగిపోయే పిల్ల కోసం

చిరంజీవి శైలజకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా కౌమారదశ పాఠాలు నేనే చెబుతానని ముందుకొచ్చావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉద్యోగంలో చేరి ఏడాది నిండకుండానే ఇంత పని నెత్తికెత్తుకున్నావంటే గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కాగితాలు. పాఠ్యపుస్తకంలో ఉన్న కౌమారదశ, ప్రత్యుత్పత్తి పాఠాలు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంతకు మించి చెప్పాలంటే ఆయుష్మాన్ భారత్ కింద నడిచే పాఠశాల ఆరోగ్య కార్యక్రమం నీకు ఆసరా. బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక ఆడ, ఒక మగ. వారానికో గంట చొప్పున ఏడాదిలో 24 వారాలు. అందులోని 11 అంశాల్లో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ భద్రత ఉన్నాయి. ఆ బాధ్యత నీకిచ్చినట్టు హెడ్మాస్టర్ చేత రాతపూర్వకంగా రాయించుకో. సెల్‌లో దొరికిన వీడియోలు మాత్రం చూపించకు.

ఇక తల్లిదండ్రులు. ఇంగ్లండులో పిల్లల్ని సెక్స్ ఎడ్యుకేషన్ నుంచి తప్పించమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. మన చట్టాల్లో అలాంటి ఏర్పాటు లేదు. లేదు కదా అని మొండిగా పోకమ్మా. 2005లో కేంద్రం మొదలుపెట్టిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో కొన్ని రాష్ట్రాలు ఆపేశాయి. పుస్తకాల్లోని బొమ్మల మీదా పెద్ద గొడవ జరిగింది. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొదటి క్లాసుకు ముందే వాళ్ళ ముందు పుస్తకం విప్పి ప్రతి బొమ్మా చూపించు, తీర్మానం మినిట్స్‌లో రాయించు. కూలికి వెళ్ళే తల్లులు పొద్దున పదింటికి రాలేరు, సాయంత్రం పెట్టు.

క్లాసు నువ్వు బాగానే చెబుతావు. నా భయమంతా క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా వెనకే ఆగిపోయే పిల్ల గురించి. ఈ పాఠాలు సరిగ్గా చెప్పిన చోట, తన మీద జరిగిన లైంగిక వేధింపు గురించి ఎవరో ఒకరు నోరు విప్పుతారు. మగపిల్లాడు కూడా కావచ్చు. ఆ రోజు మన బళ్ళలో ఎప్పటినుంచో జరుగుతున్న తప్పు ఒకటుంది: హెడ్మాస్టర్‌తో చెప్పేశాను, ఇక నా పని అయిపోయిందనుకోవడం.

ఆ తర్వాత ఏమవుతుందో చెబుతాను విను. హెడ్మాస్టర్ తండ్రిని పిలుస్తాడు. తండ్రి ఊరి పెద్దల దగ్గరికి వెళ్తాడు. బడి పరువంటారు, పిల్లకు పెళ్ళి కాదంటారు, డబ్బు మాట వస్తుంది. ఈలోగా ఆ పిల్ల చేత పదిమంది పదిసార్లు చెప్పించుకుంటారు. చెప్పిన ప్రతిసారీ నాలుగు మాటలు మారతాయి. రేపు కోర్టులో అవతలి వకీలు ఆ తేడాలే పట్టుకుంటాడు. బట్టలు ఉతికేస్తారు, వైద్య పరీక్షకు వేళ మించిపోతుంది.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ చూడు. నేరం జరిగిందని తెలిసిన ప్రతి మనిషీ, జరగబోతోందని అనుమానమున్న ప్రతి మనిషీ స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. హెడ్మాస్టర్‌కు చెబితే అది చెప్పినట్టు కాదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద నీకు ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బడిలో పనిచేసేవాడే నేరం చేస్తే, దాచిన బడి అధిపతికి ఏడాది దాకా శిక్ష, జరిమానా. తల్లిదండ్రులు వద్దన్నారన్నది సాకుగా చెల్లదు. పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టపడిందన్నా చట్టం ఒప్పుకోదు. సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు రాకుండా అదే 19వ సెక్షన్ కాపాడుతుంది.

కాబట్టి పిల్ల దగ్గర "ఎవరికీ చెప్పను" అని ఒట్టు పెట్టకు. ఆ మాట నువ్వు నిలబెట్టుకోలేవు. చెప్పింది విను, గుచ్చి గుచ్చి అడగకు. అయిపోగానే దాని మాటల్లోనే, తేదీ, సమయం వేసి రాసుకో. అదే రోజు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకో. దారి తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకు.

తల్లిదండ్రుల హక్కులు అసలు అక్కరకొచ్చేది అప్పుడే, వాళ్ళకు చెప్పు. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, తను కోరుకున్న చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. తల్లో తండ్రో, పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండాలి. ఆడపిల్లకు వైద్య పరీక్ష లేడీ డాక్టరే చెయ్యాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. నచ్చిన వకీలును పెట్టుకోవచ్చు, స్తోమత లేకపోతే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఇస్తుంది. ఇవన్నీ తెలిస్తే చాలా ఇళ్ళలో భయం సగం తగ్గుతుంది తల్లీ.

ప్రశ్నల పెట్టె పెడితే తాళం నీ దగ్గరే ఉంచుకో. చీటీలు ముందు ఒంటరిగా చదివి, ఆ తర్వాతే క్లాసులో జవాబివ్వు. ఏదైనా చీటీ కీడు శంకించేలా ఉంటే పైకి చదవకు, చింపకు. తేదీ వేసి దాచు.

నీకు నిద్ర పట్టని రాత్రులొస్తాయి. ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి. తీర్మానం ముసాయిదా ఆదివారంలోగా పంపు, చూసి పెడతాను.

మీ పెద్దమ్మ