ఇంటర్వ్యూలో మా వాడికి మాట పెగలలేదండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి ఆక్వాకల్చర్‌తో బీఎస్సీ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. ఆటిజం ఉందని పదేళ్ళప్పుడే డాక్టరుగారు చెప్పారు. చదువుకి లోటు లేదు. కొత్తవాళ్ళతో మాట్లాడడు. చుట్టాలొచ్చినా, ఫోనొచ్చినా వాడి తరఫున మేమే చెప్పేస్తాం. మొన్న భీమవరం వైపు ఒక వాటర్ టెస్టింగ్ ల్యాబులో ఇంటర్వ్యూకి వెళ్తే, ‘నీ గురించి చెప్పు’ అనగానే తల దించుకుని ఉండిపోయాడట. మూడు నెలల్లో కళ్ళలోకి చూస్తూ గలగలా మాట్లాడేలా చేస్తామని ఒక కోచింగ్ సెంటరువాళ్ళు 40 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ఆ డబ్బు కట్టకండి. మీ అబ్బాయికి శిక్షణ అవసరమే, కానీ ఈ రకం శిక్షణ వద్దు.

చాలా ఏళ్ళ క్రితం నేనే ఈ తప్పు చేశాను. అమలాపురం నుంచి వచ్చిన ఒక కుర్రాడికి, కళ్ళలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడమని నేర్పాను. నాలుగు వారాల్లో నేర్చుకున్నాడు. తీరా మాక్ ఇంటర్వ్యూ పెడితే ఒక్క ప్రశ్నకీ జవాబు రాలేదు. ఏమైందని అడిగాను. ‘చూస్తుంటే వినపడదండి’ అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆటిజం ఉన్న చాలామందికి ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటమే ఒక పెద్ద పని, ధ్యాసంతా దానికే పోతుంది. అందరిలా కనపడాలని పగలంతా నటించి, సాయంత్రం ఇంటికొచ్చి కుప్పకూలిపోయేవాళ్ళు ఎందరో.

ఇక ఆ ఇంటర్వ్యూ సంగతి. ‘నీ గురించి చెప్పు’ అన్నారు. ఊరు పేరా, మార్కులా, ఇష్టాలా? ఏం కావాలో ఆ ప్రశ్నలో లేదు. మనం ఊహించుకుని ఏదో ఒకటి చెప్పేస్తాం. మాటను మాటగానే తీసుకునే పిల్లాడు అక్కడే ఆగిపోతాడు. ‘నీళ్ళలో ఆల్కలినిటీ ఎలా చూస్తావు?’ అని ల్యాబు పరీక్ష గురించి అడిగి ఉంటే, బ్యూరెట్ అనే గాజు గొట్టం నింపడం దగ్గర్నుంచి రంగు మారేదాకా చెప్పేవాడనే నా నమ్మకం. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనా ఆటిజం ఉన్న మనిషే, 2012లో రాసిన విషయం ఇదే: ఆటిజం ఉన్నవాళ్ళకి మనం ఎంత అర్థం కామో, మనకి వాళ్ళూ అంతే అర్థం కారు. లోపాన్ని ఒక్కవైపే చూడకూడదు.

అందుకే అతను చేయబోయే పనిలో వచ్చే మాటలే సాధన చేయించండి. తెల్లారేసరికి ఒక రైతు సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని ల్యాబుకి వస్తాడు. రాత్రి రొయ్యలు పైకి తేలాయి, లక్షల పెట్టుబడి, మనిషి టెన్షన్‌లో ఉన్నాడు. ‘ఎలా ఉందండీ?’ అంటాడు. ‘అమ్మోనియా ఎక్కువుంది, చచ్చిపోతాయి’ అని మీ వాడు అనేస్తే, నిజమే అయినా ఆ రైతు గుండె జారిపోతుంది. ముందు ‘కూర్చోండి’ అనాలి. తర్వాత అంకె చెప్పాలి, ఉండాల్సినదానికంటే ఎంత ఎక్కువో చెప్పాలి, ‘ఏం చెయ్యాలో మా సార్ చెబుతారు’ అనాలి. ఇది కాగితం మీద రాసుకోమనండి. ఇంట్లో రోజూ పది నిమిషాలు మీరే సీసా పట్టుకుని రైతులా రండి. ఒకరోజు తొందరలో, ఒకరోజు కోపంతో. తడబడితే మధ్యలో దిద్దకండి. అయిపోయాక, ఎక్కడ కష్టమైందో అతన్నే అడగండి.

ఇంకో మూడు మాటలు కూడా సిద్ధం చేసుకోవాలి: ‘నాకు ఆటిజం ఉంది. ప్రశ్న సూటిగా అడిగితే బాగా చెప్పగలను. జవాబుకి కొంచెం టైమ్ కావాలి.’ ఎవరికి చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం.

మీరూ, మీవారూ నేర్చుకోవాల్సింది ఒకటుంది. అబ్బాయి తరఫున జవాబివ్వడం మానుకోండి. ప్రేమతోనే చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ ఇరవై ఏళ్ళు మీరే మాట్లాడితే, మాట్లాడే అవసరం అతనికి ఎప్పుడొస్తుంది? మామయ్య ఏదైనా అడిగితే మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనం మీకే ఎక్కువ కష్టంగా ఉంటుంది.

బయటి సాయం కావాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న స్పీచ్ థెరపిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో చూడండి. మొదటి రోజే ‘నీకేం కావాలి?’ అని అబ్బాయిని అడిగేవాళ్ళనే నమ్మండి.

వికలాంగులకి ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, లేకపోతే స్వావలంబన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అప్లై చెయ్యండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా సర్టిఫికెట్ వస్తే, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండే 4 శాతం రిజర్వేషన్ అతనికీ వర్తిస్తుంది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివాటికి కలిపి ఇచ్చారు.

ఆ ల్యాబుని వదిలెయ్యకండి. ఇంటర్వ్యూ బదులు ఒక్కరోజు బల్ల దగ్గర పని చేయించి చూడమని వాట్సాప్‌లో అడగండి. మెసేజ్ మాత్రం మీ అబ్బాయే టైప్ చెయ్యాలి. గంట పట్టినా సరే, మీరు పక్కన కూర్చోండి, ఫోను మాత్రం చేతిలోకి తీసుకోకండి.