లైట్లు కొనే ముందు ముక్కు నీడను చూడండి

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. రెండేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. నడుస్తూ, నవ్వుతూ ఉన్నవాళ్లను బాగానే తీస్తాను. కుర్చీలో కూర్చోబెట్టి పోర్ట్రెయిట్ తీయబోతే మాత్రం కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోతారు, ముఖం చదునుగా వస్తుంది. పాత స్టూడియో పోర్ట్రెయిట్లంటే నాకు ప్రాణం. దీన్నే వృత్తిగా చేసుకోవాలంటే ముందు కోర్సులో చేరాలా, లైట్లు కొనాలా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దు. కదిలే మనుషుల్ని తీసేటప్పుడు పోజూ వెలుతురూ వాటంతటవే దొరుకుతాయి, మీ పని వాటిని పట్టుకోవడమే. కుర్చీ వేశాక ఆ రెండింటినీ మీరే తయారు చేయాలి. అది వేరే విద్య. దాని పునాది ఇంట్లో, ఒక్క లైటుతోనే పడుతుంది.

రాత్రిపూట గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేయండి. మీ మాట వినే ఒక మనిషిని గోడకు ఆరేడు అడుగుల ముందు కూర్చోబెట్టండి. ఒక టేబుల్ ల్యాంప్ చేత్తో పట్టుకుని కెమెరా పక్కనుంచి మెల్లగా పక్కకీ పైకీ జరపండి. చూడాల్సింది ఒక్కటే, ముక్కు నీడ. మొదట అది చిన్నగా పెదవి మూల వైపు వాలుతుంది, దాన్ని లూప్ లైటింగ్ అంటారు. ఇంకాస్త జరిపితే ముక్కు నీడ వెళ్లి చెంప నీడతో కలుస్తుంది. అప్పుడు నీడవైపు కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగులుతుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడి పేరు మీద రెంబ్రాంట్ లైటింగ్ అనేది దీన్నే. ఆ త్రికోణం కంటికంటే వెడల్పుగా, ముక్కుకంటే పొడవుగా ఉండకూడదన్నది పాతవాళ్ల లెక్క. ల్యాంపును పూర్తిగా పక్కకు తెస్తే సగం ముఖం చీకట్లోకి పోతుంది, అది స్ప్లిట్. మళ్లీ ఎదురుగా తెచ్చి బాగా పైకెత్తితే ముక్కు కింద సీతాకోకచిలుక ఆకారంలో నీడ పడుతుంది. 1930ల హాలీవుడ్ తారల ఫొటోల్లో చెంపల ఎముకలు అంత అందంగా కనబడటానికి కారణం ఎక్కువగా ఈ బటర్‌ఫ్లై లైటింగే.

ఒక హెచ్చరిక. ల్యాంపు మరీ పైకి వెళితే కనుబొమల నీడ కళ్లను కమ్మేస్తుంది. కంటిపాపలో మెరిసే చుక్క, అదే క్యాచ్‌లైట్, మాయమవుతుంది. అది పోతే మిగతాదంతా ఎంత బాగున్నా ఆ ఫొటోలో ప్రాణం ఉండదు.

తర్వాత ల్యాంపును కదపకుండా మనిషి తల తిప్పించండి. కెమెరాకు దగ్గరగా ఉన్న చెంప నీడలో ఉంటే ముఖం సన్నగా, వెలుగులో ఉంటే వెడల్పుగా కనిపిస్తుంది. ల్యాంపు ముందు ఒక పెద్ద తెల్లటి బట్టను కాస్త ఎడంగా పట్టి నీడ అంచు ఎలా మెత్తబడుతుందో చూడండి. మీటరు దూరంలోని ల్యాంపును రెండు మీటర్లకు తీసుకెళ్తే ముఖం మీద వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ల్యాంపు ముఖానికి దగ్గరైనకొద్దీ వెనక గోడ నల్లబడేది అందుకే. ఇవన్నీ చేతికి వచ్చాక ఏ సాఫ్ట్‌బాక్స్ (లైటుకు తొడిగి వెలుతురును మెత్తబరిచే గుడ్డపెట్టె) కావాలో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

పోజు పాదాల దగ్గర మొదలవుతుంది. నిలబడ్డవాళ్లయితే శరీరాన్ని కెమెరా నుంచి కొంచెం పక్కకు తిప్పించి బరువు వెనక కాలి మీద వేయించండి, భుజాలు వాటంతటవే ఒదుగుతాయి. కూర్చున్నవాళ్లయితే కుర్చీ అంచుకు జరిగి నడుము నుంచి కాస్త ముందుకు వంగాలి. తాబేలు తల చాచినట్టు గడ్డాన్ని కొద్దిగా ముందుకు, కిందికి తెమ్మనండి. వాళ్లకు వింతగా ఉంటుంది కానీ కెమెరాలో దవడ గీత చక్కగా తేలుతుంది. చేతుల వెనక భాగం కెమెరాకు ఎదురుగా పెడితే వెడల్పుగా, మొరటుగా కనిపిస్తుంది, చిటికెన వేలి వైపు చూపిస్తే సన్నగా ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) కెమెరాకు 85 నుంచి 105 ఎంఎం లెన్స్ పెట్టి రెండు మీటర్ల దూరంలో ఉండండి. మరీ దగ్గరికి వెళితే ముక్కు పెద్దదవుతుంది.

ఇక బిగుసుకుపోవడం. అసలు కారణం ఎదుటివాళ్ల దగ్గర లేదు. మీరు లైటు సర్దుకుంటూ మౌనంగా ఉండిపోతారు, ఆ మౌనంలో వాళ్లు తమ ఫొటో పాడవుతోందనుకుంటారు. వాళ్లు రాకముందే వేరొకరిని కూర్చోబెట్టి లైటు సరిచేసి పెట్టుకోండి. ‘కుడివైపు తిరగండి’ అంటే మీ కుడా వాళ్ల కుడా అని తడబడతారు, ‘కిటికీ వైపు’ అనండి. పోజును మాటల్లో చెప్పే బదులు మీరే నిలబడి చూపించండి. ఫోన్ కెమెరాలు ఎంత ఎదిగినా, కంగారుపడే మనిషిని నెమ్మదింపజేసి కూర్చోబెట్టగలవారికి పని ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నా దగ్గరికి చాలామంది ఆల్బమ్‌లు తెస్తారు. ఒకబ్బాయి అరవై మందిని ఒకే లైటులో తీసి తెచ్చాడు. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మను మాత్రమే పన్నెండు రకాల లైటులో తీసి, ప్రతి ఫొటో కింద ల్యాంపు ఎక్కడుందో చేత్తో బొమ్మ గీసింది. స్టూడియోలో అసిస్టెంటు ఉద్యోగం ఆ అమ్మాయికి వచ్చింది.

మీకూ అసిస్టెంటుగా ఏడాదైనా చేయమనే చెబుతాను. ప్రసిద్ధ పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ 1928లో బోస్టన్‌లోని ఫొటోగ్రాఫర్ జాన్ గారో దగ్గర శిష్యరికానికి వెళ్లి దాదాపు మూడేళ్లు ఉన్నాడు. అక్కడ నేర్చింది సహజ కాంతి. కృత్రిమ దీపాలతో ఏం చేయవచ్చో ఆ తర్వాత కెనడాలోని ఒట్టావాలో నాటక రంగస్థలం మీద గమనించి నేర్చుకున్నాడు. 1941 డిసెంబరు 30న బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోని చుట్ట లాగేసి ఫొటో తీసింది కార్షే. ఆ కొద్ది క్షణాలకు వెనక అన్నేళ్ల సాధన ఉంది.

కోర్సు గురించి అడగదలిస్తే ఒక్క ప్రశ్న వేయండి: వారానికి ఎన్ని గంటలు విద్యార్థి తన చేత్తో లైటు అమరుస్తాడు? సూటిగా జవాబు రాకపోతే చేరకండి. సంపాదన మొదటి ఏడాది క్లాసిక్ పోర్ట్రెయిట్లతోనే రాదు. ఉద్యోగుల హెడ్‌షాట్లు, నటుల పోర్ట్‌ఫోలియోలు, కుటుంబ ఫొటోలు, రీటచింగ్ కలిపి చేసుకోవాలి. వాటన్నిటికీ పనికొచ్చేది ఈ చదువే.

పది వారాల తర్వాత ఒకే మనిషివి పన్నెండు ఫొటోలు, ఒక్కోదాని కింద ల్యాంపు బొమ్మతో, ప్రింట్ తీసి పట్టుకురండి. కోర్సు సంగతి వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.