క్యూజీఐఎస్‌లో ఊళ్ల పేర్లను స్కేల్‌ని బట్టి చూపించడం

మ్యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో గ్రామాల మ్యాప్‌ను జూమ్ అవుట్ చేస్తే పేర్లన్నీ కిక్కిరిసిపోతున్నాయి, ఊళ్లను చూపే చుక్కలు ఉంచి పేర్లు మాత్రమే దాచడం ఎలా అన్నది ప్రశ్న.

లేయర్ ప్రాపర్టీస్ తెరిచి, లేబుల్స్‌లో ఉన్న రెండరింగ్ ట్యాబ్‌కి వెళ్లండి. అక్కడ స్కేల్ డిపెండెంట్ విజిబిలిటీకి టిక్ పెట్టి, మినిమమ్ దగ్గర 1:50,000 ఇవ్వండి. అంతకంటే దూరం జరిగితే పేర్లు మాయమవుతాయి, చుక్కలు మాత్రం ఉంటాయి. ఎడమ పక్క వరుసలో రెండరింగ్ అని ఇంకొకటి కనిపిస్తుంది. పొరపాటున అందులో పెడితే మొత్తం లేయరే పోతుంది.

చాలామంది మినిమమ్, మ్యాక్సిమమ్ తారుమారు చేస్తారు. 1 తర్వాత వచ్చే అంకె ఎంత పెద్దదైతే స్కేల్ అంత చిన్నది. కాబట్టి 1:50,000 మినిమమ్, 1:1,000 మ్యాక్సిమమ్.

నన్నడిగితే, పేర్లన్నిటినీ ఒకేసారి దాచడం కన్నా, ఒక్కో రకం ఊరికి ఒక్కో నియమం పెట్టే రూల్ బేస్డ్ లేబులింగ్ మేలు. మండల కేంద్రాలకు ఒక రూల్ పెట్టి 1:5,00,000 నుంచి, మిగతా ఊళ్లకు ఇంకో రూల్ పెట్టి 1:50,000 నుంచి కనిపించేలా చేయండి. అలా చేయకపోతే, పేర్లు ఢీకొన్నప్పుడు సాఫ్ట్‌వేరే కొన్నిటిని వదిలేస్తుంది. అప్పుడు పెద్ద ఊరి పేరు పోయి పక్కనున్న చిన్న పల్లె పేరు మిగలొచ్చు. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ: క్రోసూరు, ముప్పాళ్ల లాంటి పేర్లలో వత్తులు కిందికి దిగి ఎక్కువ చోటు తీసుకుంటాయి. మండల కేంద్రాల రూల్‌కి ప్రయారిటీ కూడా పెంచండి.

ప్రింట్ కోసం పేర్లు ఉన్న రూపం, లేని రూపం రెండూ కావాలంటే, ముందు లేయర్‌కి రెండు వేర్వేరు స్టైల్స్ చేసి, ఒక్కోదాన్ని ఒక్కో మ్యాప్ థీమ్‌గా (ఏ లేయర్లు ఏ స్టైల్‌లో కనిపించాలో గుర్తుంచుకునే సెట్టింగ్) సేవ్ చేసుకోండి.