ఖరీదైన మేకప్ ధరకు తగినదేనా: ఫౌండేషన్‌కు ఒక జవాబు, మస్కారాకు మరొకటి

పేరున్న సంస్థల ఫౌండేషన్, లిప్‌స్టిక్, మస్కారా మూడూ ఒకేసారి కొనాలనుకుంటున్నానని, మామూలు రకానికి ఐదారు రెట్లు ధర పలికే ఈ వస్తువుల్లో నిజంగా అంత తేడా ఉంటుందా లేక పేరుకూ పెట్టెకూ డబ్బు పోస్తున్నామా అని మీరు అడిగారు. నేను కొంతకాలం ఒక ఖరీదైన బ్రాండు కౌంటరులో అమ్మకాలు చూసి, తర్వాత మేకప్ వేయడాన్నే వృత్తిగా చేసుకున్నదాన్ని. నా కిట్‌లో చవకవీ ఖరీదైనవీ పక్కపక్కనే ఉంటాయి, వేటి పని వాటిదే. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ మూడు వస్తువులకూ ఒకే జవాబు సరిపోదు. ఫౌండేషన్‌కు ఎక్కువ పెట్టవచ్చు, అదీ మీ ఛాయ అక్కడ దొరికితేనే. లిప్‌స్టిక్‌కు పెట్టడం మీ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. మస్కారాకు మాత్రం పెట్టవద్దు.

ఖరీదైన సీసాలో మరెక్కడా దొరకని రంగు ఉంటుందన్నది చాలామందికి ఉన్న నమ్మకం. నిజానికి ఫౌండేషన్, కన్సీలర్, కాంపాక్ట్ ఏదైనా సరే, అందులో చర్మపు ఛాయను తెచ్చేవి ప్రధానంగా ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు, వాటికి తోడు తెల్లటి టైటానియం డయాక్సైడ్. వీటి పాళ్లు మార్చుకుంటూనే లేత ఛాయ నుంచి ముదురు ఛాయ దాకా అన్నీ తయారుచేస్తారు. ఇక ముత్యాల పొడి అనో, ఏదో అరుదైన పువ్వు సారం అనో పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపిస్తే, వెనక ఉన్న పదార్థాల పట్టికలో అది ఎక్కడుందో వెతకండి. ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం. అంతకు తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ క్రమంలోనైనా రాయవచ్చు, రంగులను మాత్రం పరిమాణంతో పని లేకుండా చివరన చేర్చవచ్చు. వస్తువు చెడిపోకుండా కలిపే ఫినాక్సీఇథనాల్‌ను యూరప్ నిబంధనలు ఒక శాతం దాటనివ్వవు. కాబట్టి ఆ నిబంధనలకు లోబడి తయారైన వస్తువులో ఆ పేరు తర్వాత వచ్చే ముత్యాలూ పువ్వులూ ఎంత ఉంటాయో మీరే ఊహించుకోవచ్చు.

ఇదే పట్టికను పట్టుకుని కొందరు రెండో కొసకు వెళతారు. రెండు డబ్బాల వెనకా పదార్థాలు దాదాపు ఒకటే కనుక లోపలి సరుకూ ఒకటేనని, ఎక్కువ పెట్టి కొన్నవారు మోసపోయినట్టేనని తేల్చేస్తారు. పట్టికలో పేర్లు ఉంటాయి కానీ పనితనం ఉండదు. సిలికా అని రాస్తారు. ఆ రేణువు ఎంత సన్నగా ఉందో, గుండ్రంగా ఉందో లేదో రాయరు. మైకా, అంటే మెరిసే అభ్రకం, అని రాస్తారు. దాన్ని ఎంత మెత్తగా నూరారో రాయరు. రంగు రేణువులు గడ్డకట్టకుండా, చర్మం మీద సమంగా పరుచుకునేలా వాటికి సిలికోన్ పూత వేసే పద్ధతి ఉంది. ఆ పని ఎంత శ్రద్ధగా జరిగిందన్నదీ పట్టికలో తెలియదు. ధరలో తేడాకు న్యాయమైన కారణం ఎక్కడైనా ఉంటే, అది ఇలా పట్టికలో కనపడని చోటే ఉంటుంది.

సంస్థల సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. మందుల దుకాణాల్లో దొరికే మేబెలీన్, ప్రత్యేక కౌంటర్లలో అమ్మే లాంకోమ్ రెండూ లోరియల్ సొత్తే. మేబెలీన్‌ను ఆ సంస్థ 1996లో కొన్నది. మ్యాక్, క్లినిక్, బాబీ బ్రౌన్ ఎస్టే లాడర్ గొడుగు కింద ఉన్నాయి. ఇటలీకి చెందిన ఇంటర్‌కాస్ లాంటి సంస్థలు ఖరీదైన బ్రాండ్లకూ చవక బ్రాండ్లకూ మేకప్ తయారుచేసి ఇస్తాయి. ఒకే ఇంట్లో తయారైనంత మాత్రాన రెండూ ఒకటే కావు, ఎందుకంటే బ్రాండు ఎంత ఖర్చుకు ఒప్పుకుంటే అంతకు తగ్గ సరుకే కర్మాగారం ఇస్తుంది. కానీ ఒక సంస్థ పరిశోధనాశాలలో నేర్చుకున్నది ఆ సంస్థ చవక బ్రాండులోకి కొన్నాళ్లకు దిగిరావడం మామూలే. అందుకే మస్కారా, లిప్‌స్టిక్ వంటి వాటిలో పెద్ద సంస్థల చవక బ్రాండ్లను నేను ధైర్యంగా వాడతాను.

తేడా చేతికి తెలిసే చోటు పొడి. ఒక చవక కాంపాక్ట్‌నూ ఒక మంచి కాంపాక్ట్‌నూ తెరిచి, రెండు వేళ్లతో రెండింటినీ ఒక్కసారి తాకి, వేలిని బొటనవేలితో రుద్ది చూడండి. నాసిరకంలో ముందు కాస్త గరుకు తగులుతుంది, తర్వాత పొడి వేలి గీతల్లోకి చేరి తెల్లటి చారలుగా కనపడుతుంది. బాగా నూరిన పొడి వేలి మీద ఉన్నట్టే తెలియదు. గీతలు చెరిగిపోయినట్టు, చర్మమే నునుపైనట్టు కనిపిస్తుంది. ముఖం మీదా సరిగ్గా ఇదే జరుగుతుంది, కాకపోతే వేలి గీతల స్థానంలో ముక్కు పక్కల రంధ్రాలూ, కంటి కింద ముడతలూ ఉంటాయి. ఐషాడోల్లో ఈ తేడా మెరుపు లేని ముదురు రంగుల దగ్గర బయటపడుతుంది. మెరుపు రంగుల్లో మైకా కాంతిని వెదజల్లి చాలా లోపాలను కప్పేస్తుంది కనుక చవక రకమూ చక్కగానే ఉంటుంది. మెరుపు లేని ముదురు గోధుమ రంగునో ఊదా రంగునో నాసిరకంలో కొంటే బ్రష్ తగిలిన చోటల్లా మచ్చలు కట్టి, కలపబోతే ఉన్న రంగూ పోతుంది. కనుక మెరుపులు చవకలోనే కొనుక్కుని, రోజూ వాడే మెరుపు లేని రంగులు నాలుగైదింటికి మాత్రం కాస్త ఎక్కువ పెట్టమని నేను చెబుతుంటాను.

ఇప్పుడు ఫౌండేషన్. ఎక్కువసేపు నిలిచే ఫౌండేషన్లలో చాలావాటికి సిలికోనే ఆధారం. అందులో త్వరగా ఆవిరయ్యే భాగం పోగానే, రంగును పట్టుకున్న పలుచని పొర చర్మం మీద మిగులుతుంది. ఆ పొర ఎంత వంగుతుంది, చమటకూ జిడ్డుకూ ఎంత తట్టుకుంటుంది, నవ్వినప్పుడు పగులుతుందా అన్నవాటి మీదే ఫౌండేషన్ మంచిచెడ్డలు ఆధారపడతాయి. ఈ విషయంలో ఖరీదైనవాటిలో మంచివి ఎక్కువ శాతం ఉంటాయన్నది నా అనుభవం. పొద్దున వేసిన మేకప్ సాయంత్రం దాకా కెమెరా ముందు నిలవాల్సిన రోజున నేను చవక సీసా జోలికి పోను.

కానీ నాణ్యత కంటే ముందు చూడవలసింది ఛాయ. ముఖానికి సరిపోలిన చవక ఫౌండేషన్ ముందు, ఒక మెట్టు తేడా ఉన్న ఖరీదైన ఫౌండేషన్ ఎప్పుడూ ఓడిపోతుంది. ఛాయ అంటే ముదురు, లేత మాత్రమే కాదు. చర్మం కింద పసుపు ఎక్కువా, ఎరుపు ఎక్కువా, ఆకుపచ్చ జాడ ఉందా అన్న అండర్‌టోన్ కూడా కుదరాలి. అది కుదరకపోతే ముఖం బూడిద పూసినట్టుంటుంది. చాలాకాలం పెద్ద బ్రాండ్లు కూడా ముదురు ఛాయలను మొక్కుబడిగా రెండు మూడు చేసి ఊరుకునేవి. 2017లో ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 ఛాయలతో ఫౌండేషన్ తెచ్చి బాగా అమ్ముడయ్యాక, మిగతావాళ్లూ వరుసలు పెంచక తప్పలేదు. ఈ మార్పు ఖరీదైన వరుసల్లో బాగా కనిపిస్తోంది. చవక బ్రాండ్లలో ఛాయలు పెరిగినా, దుకాణం అరలో అన్నీ పెట్టరు. మీ ఛాయ చవకలో దొరకనప్పుడు ఎక్కువ ధర పెట్టడం దుబారా కాదు.

ఛాయను ముంజేతి మీద చూడవద్దు. చేయి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ అంచున, మెడ వైపు కాస్త దిగేలా దగ్గర దగ్గర ఛాయలు మూడు నిలువు గీతలుగా పెట్టించుకుని, దుకాణం దీపాల కింద నిర్ణయించకుండా బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడండి. ఏ గీత కనపడకుండా పోతుందో అదే మీది. అప్పుడైనా వెంటనే కొనవద్దు. కొన్ని ఫౌండేషన్లు ముఖపు జిడ్డు తగిలి, ఆవిరయ్యేది ఆవిరయ్యాక, అరగంటకో గంటకో ఒక మెట్టు ముదురుతాయి, నారింజ వైపు తిరుగుతాయి. ఖరీదైనవాటికీ ఈ గుణం ఉంది. కౌంటరులో ఉన్నప్పుడు, కొనేవారు ఒక చుట్టు తిరిగి వస్తామంటే మాకు అమ్మకం పోతుందేమోనన్న భయం ఉండేది. కొనేవారికి మాత్రం అంతకంటే మంచి పరీక్ష లేదు. చిన్న డబ్బీలో నమూనా అడిగితే చాలా కౌంటర్లు ఇస్తాయి. మొహమాటపడకండి.

ఎండ నుంచి ఎంత రక్షణ ఉందో చెప్పేందుకు ఫౌండేషన్ మీద రాసే ఎస్‌పీఎఫ్ అంకెను చూసి మాత్రం ధర పెంచుకోవద్దు. ఆ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. అంత మందంగా ఫౌండేషన్ పూసుకుంటే మనిషిని గుర్తుపట్టడం కష్టం. సన్‌స్క్రీన్ విడిగా రాసుకోవలసిందే. అలాగే ఆరిన, పొలుసులు లేచే చర్మం మీద ఏ ధర ఫౌండేషన్ అయినా చారలు కడుతుంది. అలాంటివారు ముందు మంచి మాయిశ్చరైజర్ కొనుక్కుని, మిగిలిన డబ్బుతో ఫౌండేషన్ గురించి ఆలోచించాలి.

లిప్‌స్టిక్ దగ్గర నా మాట కాస్త మెత్తబడుతుంది. కడ్డీ లిప్‌స్టిక్ అంటే మైనం, నూనె, రంగు. క్యాండెలిల్లా, కార్నౌబా, తేనెమైనం వంటివి కడ్డీని నిలబెడతాయి, ఆముదం లాంటి నూనెలు జారుడునిస్తాయి. ఇది బాగా పాతబడిన విద్య; మంచి లిప్‌స్టిక్ చేయడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఎక్కువ ధరలో మీకు అందేది చాలావరకు సువాసన, బరువైన లోహపు గొట్టం, అయస్కాంతంతో టక్కున మూసుకునే మూత. అవి నాకూ ఇష్టమే. సంచిలోంచి తీసినప్పుడు కలిగే చిన్న సంతోషానికి డబ్బు పెట్టడంలో తప్పేమీ లేదు, పెట్టేది దానికేనని తెలిసి పెడితే చాలు. ఆ గొట్టమే కావాలనుకుంటే, లోపలి కడ్డీని మాత్రం మార్చుకునే వీలున్న రకం చూడండి. గంటల తరబడి చెరగని ద్రవరూప మ్యాట్ (మెరుపు లేని) రకాల్లో అయితే ధరకూ పనితనానికీ సంబంధం నాకు పెద్దగా కనపడలేదు. చవకలోనే గట్టి సరుకు ఉంది, ఖరీదైనవాటిలోనూ పెదవులు ఎండగొట్టేవి ఉన్నాయి.

మస్కారాకు వద్దనడానికి కారణం దాని ఆయుష్షు. ప్రతిసారీ కనురెప్పలను తాకిన బ్రష్ మళ్లీ గొట్టంలోకే వెళుతుంది, దానితోపాటు సూక్ష్మజీవులూ వెళతాయి. అందుకే తెరిచిన మూడు నెలలకు పారేయమంటారు. అప్పటికి గొట్టంలో సగం మిగిలి ఉండటం, అదీ ఎండిపోతూ ఉండటం అందరికీ తెలిసిందే. పైగా మస్కారా ఫలితంలో పెద్ద వాటా బ్రష్‌ది: సన్నటి, దగ్గరి పళ్ల బ్రష్ చిన్న వెంట్రుకలను విడదీస్తుంది, బొద్దు బ్రష్ ఒత్తుగా చూపిస్తుంది. ఈ తేడాలన్నీ చవకలోనూ ఉన్నాయి. ఐలైనర్ పెన్సిళ్లదీ ఇదే కథ. ఎన్నో బ్రాండ్లకు వాటిని తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ ష్వాన్ కాస్మెటిక్స్, రాసుకునే స్టాబిలో పెన్నుల కుటుంబానిదే.

మీ చర్మం త్వరగా మండే రకమైతే ఖరీదు మిమ్మల్ని కాపాడదని కూడా చెప్పాలి. విలాస వస్తువుల్లో పరిమళం ఎక్కువగా కలుపుతారు, సున్నితమైన చర్మానికి తరచుగా పడనిది అదే. అలర్జీ రావడం తక్కువ అని చెప్పే హైపోఅలర్జెనిక్ అన్న ముద్రను నమ్ముకోవద్దు. ఆ మాటను ఎవరు ఎప్పుడు వాడవచ్చో చెప్పే ప్రమాణమేదీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లో లేదు. చెవి వెనక కొద్దిగా రాసుకుని ఒకటి రెండు రోజులు చూడటమే నమ్మదగిన పని. ఇక సగం ధరకే దొరుకుతున్న ఖరీదైన బ్రాండు సరుకును ముక్కూమొహం తెలియని అమ్మకందారు దగ్గర కొనడం కంటే, పూర్తి ధర పెట్టి చవక బ్రాండు కొనడం ఎన్నో రెట్లు మేలు. నకిలీ మేకప్‌లో ఏం కలిపారో చెప్పేవారుండరు, అది పూసేది కళ్ల దగ్గరా పెదవుల మీదా.

ధరను సీసాకు కాకుండా వాడకానికి లెక్కగట్టండి. 30 మిల్లీలీటర్ల ఫౌండేషన్‌ను రోజూ వాడితే నెలల తరబడి వచ్చి చివరి చుక్క దాకా పనికొస్తుంది. దాని మీద ఎక్కువ పెట్టినా రోజుకు పడే భారం తక్కువే. ఏడాదికి రెండుసార్లు తీసే ఐషాడో పాలెట్ ఎంత చవకైనా ఖరీదైనదే. డబ్బా వెనక, మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని దాని అర్థం. ఆ గడువులో మీరు పూర్తిచేయలేని వస్తువు చిన్న సైజులో దొరికితే, మిల్లీలీటరు లెక్కన ఎక్కువ పడినా అదే కొనండి.

కనుక మీ జాబితాలో ఈ నెల ఫౌండేషన్ ఒక్కటే ఉంచండి. నమూనా తెచ్చుకుని, మీరు ఎక్కువగా తిరిగే రోజున వేసుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిటికీ దగ్గర అద్దంలో చూసుకోండి. ముక్కు పక్కలా, నోటి చుట్టూ నిలిచి ఉంటే సీసా కొనండి. నిలవకపోతే రెండో బ్రాండు నమూనా అడగండి. మస్కారా ఈలోగా ఏ మందుల దుకాణంలోనైనా తీసుకోవచ్చు, బ్రష్ మాత్రం మీ కనురెప్పల వెంట్రుకలకు తగినది చూసుకోండి.