ఉప్పు ఎక్కడమ్మా?

అమ్మాయీ, ఆశీస్సులు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు చేసిన ఉప్పుమెరుగు పళ్లేల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘అపురూపమైన’ ఏడుచోట్ల వచ్చింది, ఉప్పు ఒక్కచోట. నా పేచీ అక్కడే.

ఆ మెరుగు చేత్తో పూసింది కాదు. బట్టీ వేడి 1200 డిగ్రీలు దాటాక లోపలికి మామూలు ఉప్పు విసిరేవారు. అది ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి పాత్ర ఒంటిమీదే పల్చటి గాజుపొర అయ్యేది. తడిమితే నారింజ తొక్కలా సన్నని గుంటలు తగులుతాయి. వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. చిక్కటి మెరుగైతే పల్లాల్లో నిండి గీతల్ని మింగేస్తుంది. ఇది పల్చన కాబట్టే అచ్చులో దిగిన బుట్ట అల్లిక, గింజ, చుక్క అంత పదునుగా నిలిచాయి. నువ్వేమో ‘అంచున అల్లిక నమూనా ఉంది’ అని దాటేశావు.

స్టోన్‌వేర్ అంటే ఏమిటో చెప్పడానికి అంత అవస్థ దేనికి? మన ఊరగాయ జాడీ జాతి, నీరు ఇంకనంత గట్టిగా కాలిన మట్టి. చాలు.

ఇక ఆ తెలుపు. పాలు, వెన్నెల అంటూ ఒక పేరా ఖర్చుపెట్టావు. ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న డెవాన్, డోర్సెట్‌ల నుంచి తెచ్చిన మట్టిలో, కాల్చి పొడిచేసిన చెకుముకిరాయి కలిపితే వచ్చిన తెలుపు అది. ఆ పొడి పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు పాడయ్యేవి. దుమ్ము లేవకుండా రాయిని నీళ్లతో నూరే పద్ధతికి థామస్ బెన్సన్ 1726లో పేటెంట్ తీసుకున్నాడు. వెన్నెల తీసేసి ఆ దుమ్ము పెట్టు.

పచ్చిమట్టి మీద గీతలు గీకి, వాటిలో కోబాల్టు నింపిన నీలి రకం గురించి రాసింది బాగుంది, ముట్టుకోకు. ప్రష్యా రాజుకు జయం కోరుతూ అక్షరాలు దిద్దిన పళ్లేన్ని మాత్రం ఎలా వదిలేశావు? 1756లో మొదలైన ఏడేళ్ల యుద్ధంలో ఆ రాజు, ఫ్రెడరిక్, బ్రిటన్‌కు మిత్రుడు. తినే కంచంలోకి రాజకీయం వచ్చిపడటం కన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది!

‘కాలగర్భంలో కలిసిపోయింది’ అనేది సోమరి మాట. ధరలు మరీ పడిపోయి, కుమ్మరులు దానిమీద ఖర్చు పెట్టలేకపోయారని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్ తన ప్రయోగాల పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత ఆయన మెరుగుపరిచిన మీగడరంగు పాత్రలే దీని బజారును లాక్కున్నాయి.

మరొకటి. నువ్వు పంపిన ఫోటోలో పళ్లెం అంచున చిన్న బీట ఉంది. దాని ఊసే ఎత్తలేదేం? ఈసారి వెళ్లినప్పుడు భూతద్దం పెట్టి చూడు. బీట లోపలికి కూడా గాజుపొర దిగి ఉంటే అది బట్టీలోనే పడింది, వాడకంలో కాదు. చూసొచ్చాక మళ్లీ రాసి పంపు.